తేలినీలాపురం చెట్ల నీడలో: ఊరి కాపలాలో పెరిగిన గూళ్ల వనం

శ్రీకాకుళం జిల్లాలో నౌపడ పేరు వినగానే పెద్దవారికి రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. మొదటిది ఉప్పు. రెండవది 1900 సంవత్సరంలో పర్లాకిమిడి సంస్థానం వేయించిన చిన్న రైలు మార్గం. ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయి, కొన్నేళ్ల తరువాత పెద్ద పట్టాలపై మళ్లీ నడిచింది. ఉప్పు మడులు నేటికీ ఎండకు తెల్లగా మెరుస్తూనే ఉన్నాయి. అయితే నౌపడ పరిసరాలకు మూడవ గుర్తింపు కూడా ఉంది. టెక్కలి మండలం తేలినీలాపురం గ్రామంలోని చెట్లపై ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లలను పెంచుకుంటాయి. గూడబాతును పత్రికలు పెలికాన్ అనీ, ఎర్రకాళ్ల కొంగను పెయింటెడ్ స్టార్క్ అనీ వ్యవహరిస్తాయి.

ఈ వనానికి కంచె లేదు. ఇది కొండల్లో దాగిన అడవి కాదు, ఊరి నడుమనే ఉన్న చింతలు, ఇతర వృక్షాల సముదాయం. ఇళ్ల పెరళ్లలో, వీధుల మలుపుల్లో, ఊరి ఖాళీ స్థలాల్లో పెరిగిన చెట్లే ఇక్కడి అభయారణ్యం. అటవీశాఖ నిర్మించిన వీక్షణ గోపురం, సమాచార కేంద్రం సందర్శకులకు ఉపయోగపడుతున్నా, పక్షికి నీడనిస్తున్నది మాత్రం ఊరివారి ఓర్పు. తరతరాలుగా వారు ఈ పక్షుల మీద రాయి వేయలేదు, గూడున్న కొమ్మను నరకలేదు. పుట్టింటికి పురిటికి వచ్చిన ఆడపడుచులతో వీటిని పోల్చడం ఈ ప్రాంతంలో పరిపాటి.

వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తకు, విద్యార్థికి ఈ వనంలో పని ఏమిటన్న సందేహం కలగవచ్చు. పక్షులు తినేది పొలాల నడుమనున్న నీటిలో, వాటి రెట్ట పడేది రైతు పెరటిలో, వాటి బరువు మోసేది రైతు నాటిన చెట్టు. ఆ చెట్టు ముసలిదైతే దాని స్థానంలో మరొకటి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నాటాలన్నది పూర్తిగా వ్యవసాయ సంబంధమైన ప్రశ్న. దానికి సమాధానం దొరకకపోతే ఈ వనం ఒక తరంలో కనుమరుగు కావచ్చు.

అడ్డంగా నడిస్తే తెలిసే ఊరు

గ్రామీణ భాగస్వామ్య అధ్యయనంలో ట్రాన్సెక్ట్ నడక ఒక ముఖ్యమైన పద్ధతి. ఊరిని ఒక అంచు నుంచి మరొక అంచుకు అడ్డంగా నడుస్తూ నేల, నీరు, పంట, చెట్టు, మనిషి ఎలా మారుతున్నదీ నమోదు చేసుకోవడమే దీని సారాంశం. ఈ పద్ధతిని తరగతి గదిలో బోధించడం కన్నా నౌపడ నుంచి తేలినీలాపురం వైపు ఒక ఉదయం నడిపించడం మేలు.

నడక ఉప్పు మడుల వద్ద మొదలవుతుంది. ఇక్కడ ఉప్పునీటి ప్రభావం ఎక్కువ, చెట్టు అరుదు. తరువాత వచ్చేది తంపర. వానాకాలంలో మెట్ట ప్రాంతాల నుంచి దిగే మంచినీరు, భావనపాడు వైపు నుంచి పోటుతో ఎక్కే ఉప్పునీరు ఇక్కడ కలుస్తాయి. పరాయివారి కంటికి ఇది బీడు. స్థానికులకు ఇది చేపల బుట్ట, పశువుల మేత, వరదనీటిని పట్టి ఉంచే గిన్నె. తంపర దాటితే పల్లపు వరి పొలాలు, వాటి వెనుక కాస్త మెరక, ఆ మెరక మీద ఊరు, ఊరిలో చెట్లు.

ఈ నాలుగు అంచెలలో ఏ ఒక్కటి తొలగినా మిగిలిన వాటి అర్థం మారిపోతుంది. గూడు కట్టడానికి చెట్టున్నా తంపర లేకపోతే పిల్లకు మేత లేదు. తంపరలో చేప సమృద్ధిగా ఉన్నా దగ్గరలో ఎత్తైన చెట్టు లేకపోతే గూడు లేదు. తేలినీలాపురాన్ని పక్షుల దృష్ట్యా ముఖ్యమైన ప్రాంతంగా గుర్తించినప్పుడు నౌపడ చిత్తడి నేలలతో కలిపి చూడటానికి కారణం ఇదే.

ఊరిలోకి ప్రవేశించిన తరువాత నడక వేగం తగ్గించాలి. సూర్యోదయానికి ముందే చేరితే రాత్రి చెట్లపై గడిపిన పక్షులు మేతకు బయలుదేరడం, సాయంత్రమైతే అవి బారులు తీరి తిరిగి రావడం కనిపిస్తుంది. చెట్టు కింద గుంపుగా నిలబడరాదు, చప్పట్లు కొట్టరాదు, టపాసులు కాల్చరాదు. పెద్దపక్షి బెదిరి ఒక్కసారి లేచినా గుడ్డు జారి పడవచ్చు, కాకి ఎత్తుకుపోవచ్చు. కింద పడిన పిల్లను చేతితో తాకక అటవీ సిబ్బందికి తెలియజేయాలి. దారి పొడవునా కనిపించే తెల్లని మరకలను, ఘాటైన వాసనను చూసి ముక్కు మూసుకునే విద్యార్థి, ఆ ఊరివారు దానిని ఏటా ఆరు నెలలు భరిస్తున్నారని గుర్తుంచుకోవాలి.

సైబీరియా అపోహ

ఈ పక్షులు సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వస్తాయన్న మాట ఊరిలోనూ, పత్రికలలోనూ తరచుగా వినిపిస్తుంది. అది నిజం కాదు. గూడబాతు, అనగా పెలికానస్ ఫిలిప్పెన్సిస్, దక్షిణ, ఆగ్నేయ ఆసియాలలోనే పుట్టి పెరిగే పక్షి. ఎర్రకాళ్ల కొంగ, అనగా మిక్టీరియా ల్యూకోసెఫాలా, మన ఉపఖండపు పక్షే. నీరు, మేత ఎక్కడ ఉంటే అక్కడికి అవి దేశంలోనే తిరుగుతాయి. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి బాతులు, ఉల్లంకులు ఈ తంపరకు రావడం వాస్తవమే. కానీ అవి ఇక్కడ గూడు కట్టవు, చలికాలం గడిపి వెళ్లిపోతాయి.

ఈ తేడా కేవలం పుస్తక జ్ఞానం కాదు. విదేశీ అతిథి అనుకుంటే, ఒక ఏడాది రాకపోయినా మరెక్కడో దాని స్వస్థలం భద్రంగా ఉందని మనసు సర్దుకుంటుంది. ఇక్కడే పుట్టినదని తెలిస్తే బాధ్యత మారుతుంది. తేలినీలాపురం చింతచెట్టే ఆ పిల్లకు పుట్టినిల్లు. గూడబాతు నేడు ప్రపంచ స్థాయిలో ముప్పుకు చేరువైన జాతుల జాబితాలో ఉంది. ఇటువంటి గూళ్ల వనాలు లెక్కకు కొన్ని మాత్రమే కావడంతో ఒక్కొక్కటీ విలువైనదే.

పంట క్యాలెండరు, గూడు క్యాలెండరు

పక్షులు సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వచ్చి మార్చి, ఏప్రిల్ వరకు ఉంటాయి. గూడబాతు మూడు, నాలుగు గుడ్లు పెట్టి దాదాపు నెల రోజులు పొదుగుతుంది. పిల్ల సొంతంగా ఎగిరి వెళ్లడానికి మరో మూడు నుంచి ఐదు నెలలు పడుతుంది. కొంగ గుడ్లు కూడా సుమారు నెల రోజులకు పొదిగి, పిల్లలు మరో రెండు నెలలకు ఎగరగలుగుతాయి.

దీనిని ఖరీఫ్ వరి క్యాలెండరు పక్కన పెట్టి చూడాలి. పక్షులు చెట్టు చేరేనాటికి వరి పిలకల దశ దాటి పొట్ట దశకు వస్తుంటుంది. గూళ్లు కట్టే అక్టోబరులో పొలం వెన్ను తీస్తుంది. పంట కోతకు వచ్చేనాటికి గూళ్లలో పిల్లలు ఉంటాయి. కళ్లం పనులు ముగిసే జనవరి, ఫిబ్రవరి నెలలలో తంపర నీరు తగ్గి చేప కొద్ది నీటిలో పోగుపడుతుంది. పిల్లల ఆకలి తారస్థాయిలో ఉండే రోజులు సరిగ్గా అవే. నీరు ఇంకే క్రమానికి, గూటిలో పిల్ల పెరుగుదలకు ఉన్న ఈ జోడింపు వల్లనే ఈ వనం ఇక్కడ వెలిసింది.

రెండు జాతులు ఒకే చెట్టును పంచుకున్నా మేత దగ్గర పోటీ పడవు. గూడబాతు లోతు నీటిలో ఈదుతూ ముక్కు కింది సంచితో చేపను తోడుకుంటుంది. కొంగ మోకాటి లోతు లోపు నీటిలో నడుస్తూ సగం తెరిచిన ముక్కును నీటిలో ముంచి ఉంచుతుంది. చేప తగిలిన క్షణంలో ముక్కు మూసుకుంటుంది. కనుక తంపరలో లోతు గుంటలూ కావాలి, పలుచని నీటి పరపులూ కావాలి. మొత్తం చదును చేసిన నీటి చెరువు ఈ రెండవ అవసరాన్ని తీర్చలేదు.

రెట్ట: ఎరువా, భారమా?

నడకలో వ్యవసాయ విద్యార్థి ఎక్కువసేపు ఆగవలసిన చోటు గూళ్లున్న చెట్టు మొదలు. తంపరలోని చేప రూపంలో ఉన్న నత్రజని, భాస్వరం పక్షి కడుపు ద్వారా ఊరి మెరకకు చేరుతున్నాయి. నీరు పల్లానికి మోసుకుపోయిన పోషకాలను పక్షి తిరిగి పైకి తెస్తున్నది. రవాణా ఖర్చు లేని ఎరువు ఇది.

పక్షి రెట్టలో నత్రజని ప్రధానంగా యూరిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. శుద్ధ యూరిక్ ఆమ్లంలో నత్రజని బరువులో మూడవ వంతు. నేలలోని సూక్ష్మజీవులు దీనిని యూరియాగా, ఆపై అమ్మోనియాగా మారుస్తాయి. వీధిలో ముక్కుపుటాలను తాకే ఘాటు ఆ అమ్మోనియాదే. అనగా వాసన వస్తున్నంత సేపూ ఎరువు గాలిలో కలుస్తున్నట్లే లెక్క. పాఠ్యపుస్తకాల ప్రకారం పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం ఉంటే కోళ్ల ఎరువులో 3 శాతం, సముద్ర పక్షుల గ్వానోలో 7 నుంచి 8 శాతం వరకు ఉంటుంది. గ్వానోలో భాస్వరం 11 నుంచి 14 శాతం. వర్షం తగలని ఎడారి దీవులలో పేరుకున్న గ్వానో అంకెలను తేమ ఎక్కువైన మన తీరానికి యథాతథంగా అన్వయించరాదు. అయినా పశువుల ఎరువు కన్నా ఇది ఎంతో సారవంతమైనదన్న విషయంలో సందేహం లేదు.

కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు ఈ విషయంలో చక్కని ఉదాహరణ. అక్కడ కూడా ఇవే రెండు జాతులు ఊరి చెట్లపై గూళ్లు కడతాయి. రైతులు చెట్టు కింద గుంటలు తవ్వి, చెరువు మట్టి కలిపి, పడిన రెట్టను పోగుచేసి పొలానికి తోలుకునేవారు. పక్షికి చెట్టు అద్దె లేకుండా దొరకలేదు, ఎరువు రూపంలో అది చెల్లిస్తూ వచ్చింది.

తేలినీలాపురం వంటి ఊళ్లలో దీనిని శాస్త్రీయంగా చేయవచ్చు. పక్షులు వెళ్లిన తరువాత, తొలకరికి ముందు, చెట్టు మొదలు చుట్టూ పేరుకున్న రెట్టను మట్టితో సహా పలుచగా తీయాలి. దానిని వరి గడ్డితో పొరలు పొరలుగా పేర్చి కంపోస్టు చేయాలి. గడ్డిలో కర్బనం ఎక్కువ, రెట్టలో నత్రజని ఎక్కువ. రెండూ కలిసినప్పుడు అమ్మోనియా నష్టం తగ్గి, కుళ్లడం సజావుగా సాగుతుంది. పచ్చి రెట్టను నేరుగా నారుమడిలో వేస్తే లేత వేళ్లు మాడిపోతాయి. పనిచేసేవారు ముక్కుకు, నోటికి గుడ్డ, చేతులకు తొడుగులు తప్పక ధరించాలి. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పక్షులు అసాధారణంగా చనిపోయిన ఏడాది పశువైద్యుల సలహా లేకుండా ఈ ఎరువును కదిలించరాదు.

చెట్టు మోసే బరువు

ఎరువు పొలానికి మేలైనా, చెట్టుకు మాత్రం ఆ ఆరు నెలలు పరీక్షా కాలమే. ఎదిగిన గూడబాతు నాలుగు నుంచి ఆరు కిలోల బరువు ఉంటుంది. జంట, పిల్లలు, పుల్లల గూడు కలిస్తే ఒక్కొక్క కొమ్మ మీద పడే భారం చిన్నది కాదు. ఆకుల మీద రెట్ట సున్నం పూసినట్లు పేరుకుంటే వెలుతురు అందక కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. పూత, కాయ తగ్గుతాయి. చెట్టు మొదట్లో కరిగే లవణాలు, అమ్మోనియా మోతాదు మించితే పీచు వేళ్లు దెబ్బతింటాయి. భాస్వరం మితిమీరితే జింకు, ఇనుము అందుబాటు తగ్గి ఆకులు పాలిపోవచ్చు.

చింతచెట్టు యజమానికి ఇది ప్రత్యక్ష నష్టం. చింతకాయ పండి రాలే కాలమూ, గూళ్లలో పిల్లలు ఉండే కాలమూ ఒకదానిపై ఒకటి పడతాయి. చెట్టెక్కి కాయ దులిపితే పిల్లలు పడిపోతాయి. దులపకపోతే పండు పోతుంది. కొక్కరె బెళ్లూరులో ఈ నష్టానికి చెట్టు యజమానులకు అటవీశాఖ ద్వారా పరిహారం చెల్లించే ఏర్పాటు జరిగింది. పక్షిని కాపాడే పుణ్యం ఊరందరిది, దాని ఖర్చు మాత్రం చెట్టున్న కొన్ని కుటుంబాలది అయితే ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునే రోజు వస్తుంది. ఆ రోజున చెట్టు ఉండాలా, పోవాలా అన్న నిర్ణయం యజమానిదే. ఆ నిర్ణయం పక్షికి అనుకూలంగా ఉండాలంటే చెట్టు విలువ చింతపండు ధర కన్నా ఎక్కువని ముందుగానే లెక్కకట్టి చూపాలి.

ఖాళీ అయిన వనాలు చెప్పే పాఠం

గూళ్ల వనం ఒకసారి వెలిస్తే శాశ్వతం అనుకోవడం పొరపాటు. 1906లో కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కలిసి గూళ్లు కట్టినట్లు నమోదైంది. ఆ వనం తరువాత మళ్లీ కనబడలేదు. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లాలో కొల్లేటికి చేరువలోని ఆరేడు వద్ద దాదాపు 3,000 గూడబాతుల వనాన్ని లోకానికి తెలియజేశారు. 1975 నాటికి అది ఖాళీ అయింది. కొల్లేటి ప్రాంతంలో కొత్తగా గూళ్లు కట్టడం 2004లో గాని గమనించలేదు. నేడు ఆటపాక వద్ద ఇనుప స్తంభాలపై అమర్చిన కృత్రిమ వేదికల మీద అవి గూళ్లు కడుతున్నాయి.

ఆటపాక అనుభవం ధైర్యాన్నిస్తుంది, హెచ్చరిక కూడా చేస్తుంది. చెట్టు లేనప్పుడు ఇనుప వేదిక అత్యవసర చికిత్స వంటిది. కానీ చెట్టు ఇచ్చే నీడ, చల్లదనం, గాలికి ఊగి తట్టుకునే గుణం ఇనుముకు లేవు. వేదికకు ఏటా మరమ్మతు కావాలి. చెట్టు తన మరమ్మతు తానే చేసుకుంటుంది.

అక్టోబరు రెండవ వారం

ఉత్తరాంధ్ర రైతుకు అక్టోబరు రెండవ వారం భయపెట్టే వారం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమైన తీరు జిల్లా ఇంకా మరవలేదు.

మూడు తుఫానులూ పక్షులు చెట్టు చేరి గూళ్లు పేర్చుకునే రోజులలోనే వచ్చాయి. పక్షికి ఒక ఏడాది సంతానం పోయినా మరుసటి ఏడాది తిరిగి గుడ్లు పెట్టగలదు. విశాలమైన కొమ్మలున్న చెట్టు కూలితే ఆ స్థానం భర్తీ కావడానికి మూడు, నాలుగు దశాబ్దాలు పడుతుంది. మనిషి నాటిన మొక్క పక్షికి ఇల్లయ్యేనాటికి నాటినవాడు ముసలివాడవుతాడు. అందువల్ల చెట్టు కూలిన తరువాత మొక్క నాటడం ఆలస్యమే. కూలక ముందే వారసుడు సిద్ధంగా ఉండాలి.

ఇక్కడ తోటల శాస్త్రం ఉపయోగపడుతుంది. చింత అంటు మొక్క త్వరగా కాపుకు వస్తుంది గనుక రైతు దానినే కోరుతాడు. కానీ గూళ్ల వనానికి గింజ నుంచి పెరిగిన మొక్క మేలు. దాని తల్లివేరు లోతుకు దిగి గాలిని తట్టుకుంటుంది. పాలిథిన్ సంచిలో ఎక్కువ కాలం ఉంచిన మొక్కకు వేరు చుట్టుకుపోయి, పెద్దయిన తరువాత కూడా గాలికి సులభంగా పెళ్లగిలుతుంది. వీలున్నచోట గుంటలోనే గింజ విత్తడం ఉత్తమం. మొక్కకు, మొక్కకు 10 మీటర్ల దూరం పాటిస్తే ఎకరాకు 40 చెట్లు వస్తాయి. ఊరి ఉమ్మడి స్థలంలో అరెకరం దొరికినా 20 చెట్ల వారసత్వం సిద్ధమవుతుంది. త్వరగా నీడ కావలసిన చోట మర్రి, రావి, జువ్వి మొక్కలను నాటవచ్చు. మర్రిని లావాటి కొమ్మ నాటి కూడా పెంచవచ్చు. త్వరగా ఎదుగుతాయని సరుగుడు, నీలగిరి నాటితే ప్రయోజనం లేదు. నిటారుగా పెరిగే ఆ చెట్లలో గూడు నిలిచే అడ్డకొమ్మ ఉండదు.

నీటిలోని ముప్పు

2021 డిసెంబరు నుంచి 2022 ఆరంభం వరకు తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు మరణించాయి. నులిపురుగుల ఉధృతి దీనికి కారణమని పరీక్షలలో వెల్లడైంది. పరిసర చేపల చెరువుల మీద అనుమానం వ్యక్తమైంది. చేపలు తినే పక్షులలో కనిపించే ఈ తరహా నులిపురుగుల జీవితచక్రం విద్యార్థులు తెలుసుకోదగినది. పక్షి రెట్టతో గుడ్లు నీటిలో చేరతాయి. పొదిగిన పిల్లపురుగులను నీటిలోని సూక్ష్మ జంతువులు, వాటిని చేపలు తింటాయి. చేప ద్వారా అవి మళ్లీ పక్షి కడుపులోకి చేరి పెద్దవవుతాయి. చేపలు కిక్కిరిసి, నీరు మారక, నత్తలు, సూక్ష్మ జీవులు విపరీతంగా పెరిగిన చెరువులో ఈ చక్రం వేగంగా తిరుగుతుంది.

దీనికి చెరువు రైతును దోషిగా నిలబెట్టడం పరిష్కారం కాదు. పక్షి మేతకు వస్తే అతనికీ నష్టమే. పట్టుబడి తరువాత చెరువును పూర్తిగా ఎండగట్టడం, అడుగు బురద తీసి సున్నం చల్లడం, చేప పిల్లల సాంద్రతను సిఫారసు మేరకు పాటించడం, చనిపోయిన చేపలను గట్టు మీద పారవేయక పాతిపెట్టడం వంటి యాజమాన్య పద్ధతులు చేపకూ, పక్షికీ ఒకేసారి మేలు చేస్తాయి. మత్స్య, పశుసంవర్ధక, వ్యవసాయ, అటవీ శాఖల సిబ్బంది ఒకే వేదిక మీద కూర్చుంటే తప్ప ఈ సమస్య తెగదు.

వరి పొలంలో వాడే మందుల విషయం కూడా ఇంతే ముఖ్యం. పక్షులకు తీవ్ర విషపూరితమైన ఫోరేట్ గుళికల అమ్మకం, వాడకం 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషిద్ధం. పాత నిల్వలు ఎక్కడా వాడకుండా చూడటం విస్తరణ సిబ్బంది కర్తవ్యం. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో తొలకరితో వచ్చి ఊరి చెట్లపై గూళ్లు కట్టే నత్తగుల్ల కొంగలు వరి పొలాలలోని నత్తలను తింటాయి. నత్త తిన్న మందు కొంగకు, కొంగ నుంచి గూటిలోని పిల్లకు చేరుతుంది. సమగ్ర సస్యరక్షణ అన్న మాటకు ఇంతకన్నా కళ్లకు కట్టే ఉదాహరణ ఉండదు.

తంపర భవిష్యత్తు కూడా ఈ వనంతో ముడిపడి ఉంది. నౌపడ పరిసర చిత్తడి నేలల వినియోగంపై కాకరాపల్లిలో సాగిన ఆందోళన 2011 ఫిబ్రవరి 28న కాల్పులకు, ప్రాణనష్టానికి దారితీసింది. ఇప్పుడు అదే సంతబొమ్మాళి మండలంలో మూలపేట వద్ద ఓడరేవు నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అభివృద్ధి ప్రణాళికలలో తంపరను బీడు భూమిగా గాక, నీటిపారుదల, మత్స్య, పశుగ్రాస వనరుగా నమోదు చేయించడం వ్యవసాయ శాస్త్రవేత్తలు చేయగల సేవ.

చట్టంలో ఉన్న దారి

ఊరివారి స్థలంలో ఊరివారే కాపాడుతున్న వన్యప్రాణులకు చట్టంలో ఒక చోటు ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో జరిగిన సవరణ ద్వారా సామాజిక రిజర్వు అనే వర్గాన్ని చేర్చారు. వ్యక్తి గాని, సమాజం గాని స్వచ్ఛందంగా ముందుకు వచ్చినప్పుడు ప్రైవేటు లేదా ఉమ్మడి భూమిని ప్రభుత్వం ఆ విధంగా ప్రకటించవచ్చు. భూమి యాజమాన్యం మారదు. ఊరి ప్రతినిధులు, అటవీశాఖ ప్రతినిధి కలిసిన కమిటీ నిర్వహణ ప్రణాళిక తయారుచేస్తుంది. అయితే ఒకసారి ప్రకటించిన తరువాత, కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా భూ వినియోగాన్ని మార్చడం కుదరదు. కొక్కరె బెళ్లూరు 2007లో ఈ హోదా పొందింది.

ఈ షరతును గ్రామసభలో దాచకుండా చెప్పాలి. సొంత పెరటిలో గది వేసుకోవడానికి కూడా అనుమతి అడగాలేమోనన్న భయం సహజం. ఇళ్ల స్థలాలను మినహాయించి, ఉమ్మడి స్థలాలను, కొత్తగా నాటే వనాన్ని మాత్రమే రిజర్వు పరిధిలోకి తీసుకురావడం, పెరటి చెట్లకు ఏటా ఒప్పందం ప్రకారం పరిహారం ఇవ్వడం వంటి మధ్యేమార్గాలను చర్చించవచ్చు. నిర్ణయం ఊరిది. శాస్త్రవేత్త పని, లాభనష్టాలను సరిగా వివరించడం వరకే.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగిన పనులు

1. చెట్ల రిజిస్టరు: ప్రతి గూళ్ల చెట్టుకు సంఖ్య ఇచ్చి, జాతి, మొదలు చుట్టుకొలత, ఎండిన కొమ్మలు, గూళ్ల సంఖ్య ఏటా నమోదు చేయాలి. నైర వ్యవసాయ కళాశాల వంటి సంస్థల విద్యార్థుల గ్రామీణ అనుభవ శిక్షణలో దీనిని భాగం చేయవచ్చు.

2. మట్టి పరీక్ష: గూళ్ల చెట్టు కింద, 10 మీటర్ల దూరంలో, గూళ్లు లేని అదే జాతి చెట్టు కింద మట్టి నమూనాలు తీసి ఉదజని సూచిక, లవణ సాంద్రత, నత్రజని, భాస్వరం, జింకు పోల్చాలి. పక్షులు రాకముందు, వెళ్లిన తరువాత రెండుసార్లు తీస్తేనే ఫలితానికి అర్థం ఉంటుంది.

3. వారసత్వ నారుమడి: గూళ్లున్న చింతల గింజలనే సేకరించి, పాఠశాల ఆవరణలో గాని పంచాయతీ స్థలంలో గాని ఏటా కొన్ని మొక్కలు పెంచాలి. పశువుల నుంచి తొలి మూడేళ్లు కాపాడటానికి ముళ్లకంప చాలు.

4. చెట్టు ఆరోగ్యం: ఎండు కొమ్మల తొలగింపు మే నెలలోనే పూర్తిచేయాలి. పక్షులు చేరిన తరువాత కత్తి పట్టరాదు. కోసిన గాయాలకు బోర్డో పేస్టు పూయాలి.

5. నష్టం లెక్క: గూళ్లున్న, లేని చింతల దిగుబడి తేడాను యజమానుల సమక్షంలో తూకం వేసి నమోదు చేయాలి. పరిహారం కోరడానికి ఆ కాగితమే ఆధారం.

వీటిలో ఏ పనికీ పెద్ద నిధులు అవసరం లేదు. ఒక టేపు, ఒక పుస్తకం, ఏటా అదే రోజున తిరిగి రావాలన్న పట్టుదల చాలు. ఒక్క ఏడాది చేసి వదిలేసిన రిజిస్టరు కన్నా, పదేళ్లు సాగిన నాలుగు గీతల పట్టిక విలువైనది.

ముగింపు

తేలినీలాపురం వీధులలో నడిచి బయటకు వచ్చేటప్పుడు చాలామంది తల పైకెత్తి నడుస్తారు. గూళ్లు పైన ఉన్నాయి గనుక అది సహజం. వ్యవసాయ విద్యార్థి మాత్రం ఒక్కసారి తల దించి నేలను కూడా చూడాలి. చెట్టు కింద రాలిన చింతగింజ మొలకెత్తిందా? మొలిచిన మొక్కను మేక కొరికిందా, ఎవరైనా నాలుగు ముళ్లకంపలు అడ్డం పెట్టారా? ఈ వనం రానున్న నలభై ఏళ్ల చరిత్ర ఆ మొలక దగ్గరే మొదలవుతుంది. పైనున్న పక్షిని కాపాడే పని ఊరివారు ఇంతకాలం ఏ శాస్త్రమూ చెప్పకుండానే చేశారు. కిందనున్న మొలకను చెట్టు చేసే పనిలో వారికి తోడు నిలవడం వ్యవసాయ శాస్త్రం వంతు.